పాట తీసేస్తే బేస్ మిగిలింది

మయామీ నుంచి కింగ్‌స్టన్‌కు విమానంలో రెండు గంటలు కూడా పట్టదు. నాకు తెలిసిన మనవాళ్ళు జమైకా వెళ్తే మాంటెగో బేలో దిగి, సముద్రం ఒడ్డున రిసార్టులో నాలుగు రోజులు గడిపి, ఫోటోలు దిగి వచ్చేస్తారు. ఫ్లోరిడాలో ఉండే మా బావ, అంటే చెల్లెలి భర్త, కూడా అదే ఊహించుకున్నాడు. నేనే పట్టుబట్టి అతన్ని రాజధానికి తీసుకెళ్ళాను. హైదరాబాదులో పెళ్ళిళ్ళకు, ఉత్సవాలకు పాడే ఆర్కెస్ట్రాలో నేను బేస్ గిటార్, అంటే పాట అడుగున మోగే కింది స్వరాల గిటారు, వాయిస్తాను. ఇళయరాజా పుణ్యమా అని అలాంటి వాయిద్యం ఒకటి ఉందని మనవాళ్ళకు కొంత తెలిసింది గానీ, ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడి బతుకు పప్పులో ఇంగువ లాంటిది. లేనప్పుడే గుర్తొస్తుంది. బేస్‌ను నెత్తిన పెట్టుకున్న ఊరు ప్రపంచంలో ఒకటుందని తెలిశాక చూడకుండా ఎలా ఉంటాను?

కింగ్‌స్టన్ నడిబొడ్డున ఆరెంజ్ స్ట్రీట్ ఉంది. ఒకప్పుడు వీధి పొడవునా రికార్డుల దుకాణాలే ఉండేవి కనుక ‘బీట్ స్ట్రీట్’ అని పేరు పడింది. ఇప్పుడు వాటిలో మిగిలినవి బహు కొద్ది. 135వ నంబరులో ఉన్న రాకర్స్ ఇంటర్నేషనల్ అలా మిగిలినది. నోటితో ఊదుతూ మీటలు నొక్కే మెలోడికా అనే పిల్లల వాయిద్యాన్ని జమైకా సంగీతం రెగ్గేలో పెద్దమనిషిని చేసిన ఆగస్టస్ పాబ్లో నడిపిన దుకాణం అది. లోపల గోడల నిండా ఏడంగుళాల రికార్డులు. ఏది వినాలన్నా అడిగితే చాలు, కౌంటరు వెనక ఉన్నాయన వేసి వినిపిస్తాడు.

ఆయన ఒక రికార్డు మొదటి వైపు వేశాడు. తీయని గొంతు, ప్రేమ పాట. అది అయ్యాక తిప్పి రెండో వైపు వేశాడు. అదే డ్రమ్ము, అదే బేస్. గొంతు మాత్రం ఒక ముక్క పలికి, ప్రతిధ్వనిలో కలిసి, మాయమైంది. గిటారు ఒక్క దెబ్బ వేసి అదీ పోయింది. ఇక మిగిలింది బేస్ ఒక్కటే, తన దారిన తాను నడుస్తూ.

బావ చుట్టూ చూసి అడిగాడు. “బావా, పాడేవాడు ఏడి?”

డబ్ అంటే అదే. మనకు డబ్బింగ్ అంటే బొమ్మకు గొంతు అతికించడం కాబట్టి బావ తికమకపడటంలో వింత లేదు. ఇక్కడ డబ్ ప్లేట్ అంటే సౌండ్ సిస్టమ్‌లో వేయడానికి ప్రత్యేకంగా గాడులు కోసి చేసిన మెత్తని ఎసిటేట్ రికార్డు. సౌండ్ సిస్టమ్ అంటే బీరువాలంత స్పీకరు పెట్టెలు, ఆంప్లిఫయర్లు పేర్చి ఆరుబయట జరిపే పాటల జాతర. 1960ల చివర్లో స్పానిష్ టౌనులో సౌండ్ సిస్టమ్ నడిపే రడీ రెడ్‌వుడ్ కోసం ట్రెజర్ ఐల్ స్టూడియోలో ఇంజనీరు బైరన్ స్మిత్ పారగన్స్ బృందం పాటను ఇలా కోస్తున్నాడు. గొంతు ట్రాకు కలపడం మరిచాడు. రెడ్‌వుడ్ మాత్రం అది చెడిపోయిందని పారేయలేదు. ఆ రాత్రి గొంతు లేని ఆ పాటను వేస్తే జనమంతా తామే పాడటం మొదలుపెట్టారట. అప్పటి నుంచి జమైకాలో రికార్డు రెండో వైపు పాట లేని ‘వెర్షన్’ ఉండటం మామూలైపోయింది.

దీనికి లెక్కల కోణం కూడా ఉంది, అది నాకు మింగుడుపడదు. రెండో వైపు కోసం నిర్మాత కొత్త పాట కొననక్కరలేదు, వాయిద్యగాళ్ళను మళ్ళీ పిలవనక్కరలేదు. వాళ్ళకు ఆ రోజు చేతికిచ్చిన కూలితో సరి. కింగ్‌స్టన్‌లోని స్టూడియో వన్ అనే రికార్డింగ్ స్టూడియోలో హెప్టోన్స్ బృందం గాయకుడు లెరాయ్ సిబుల్స్ వాయించిన బేస్ వరుసల మీద దశాబ్దాలుగా ఎందరో కొత్త పాటలు కట్టుకుంటూనే ఉన్నారు. అక్కడ ఒక బేస్ వరుస ఊరుమ్మడి బావి అయింది. తవ్వినవాడికి మిగిలింది పేరే.

మధ్యాహ్నం మేక కూరతో అన్నం తిన్నాం. మసాలా వాసనకే బావ ముఖం వెలిగింది. 1845 మే 10న ఓల్డ్ హార్బర్ బేలో దిగిన మన దేశపు కూలీలు, వాళ్ళ తరవాత 1917 దాకా వచ్చినవాళ్ళు ఈ దీవికి ఇచ్చి వెళ్ళిన కూర అది. జమైకావాళ్ళు దాన్ని పూర్తిగా తమది చేసుకున్నారు. ఎముకతో సహా కొట్టిన ముక్కలు, అడుగున చిక్కని పులుసు. బావ మళ్ళీ వడ్డించమన్నాడు.

మర్నాడు వాటర్‌హౌస్ వెళ్ళాం. ఊరికి పడమరగా ఉన్న పేదల పేట, రేకుల ప్రహరీలు, ఇరుకు సందులు. పర్యాటకులు ఒంటరిగా తిరిగే చోటు కాదు కాబట్టి ఆ పేటలోనే పుట్టిపెరిగిన టాక్సీ డ్రైవరును వెంటబెట్టుకున్నాం. డ్రామిలీ అవెన్యూలో 18వ నంబరు ఇంట్లో కింగ్ టబ్బీ స్టూడియో ఉండేది. అసలు పేరు ఆస్బర్న్ రడక్, పుట్టింది 1941లో. వృత్తి రేడియోలు బాగుచేయడం, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడం. సంగీతం నేర్చినవాడు కాదు. తన ‘హోమ్‌టౌన్ హైఫై’ సౌండ్ సిస్టమ్‌కు ఆంప్లిఫయర్లు తానే కట్టుకున్నాడు. డైనమిక్ స్టూడియో వదిలించుకున్న ఎం.సి.ఐ. కంపెనీ మిక్సింగ్ బల్లను, అంటే ట్రాకులను కలిపే మీటల బల్లను, 1970ల మొదట్లో కొని ఈ చిన్న ఇంట్లో పెట్టాడు. గాయకులు పాడే గది ఏదంటే, స్నానాల గది!

వేరే స్టూడియోలలో రికార్డయిన పాటలు నాలుగు ట్రాకుల టేపుల మీద ఆయన దగ్గరికి వచ్చేవి. డ్రమ్ము ఒకదాని మీద, బేస్ ఒకదాని మీద, మిగతా వాయిద్యాలు, గొంతు ఇంకో రెండింటి మీద. ఆయన మీటల మీద చేతులు పెట్టి, టేపు తిరుగుతుండగానే ఒకటి దించి ఇంకొకటి లేపేవాడు. పలికినదాన్ని పదేపదే తిరిగి పలికే టేపు ఎకో యంత్రంలోకి ఒక మాటను విసిరేవాడు, అది తన వెనక తానే పరుగెత్తేది. స్ప్రింగులతో ప్రతిధ్వని పుట్టించే రివర్బ్ పెట్టెను చేత్తో కొడితే ఉరుము ఉరిమేది. ఆ బల్ల మీద ఒక పెద్ద గుండ్రని మీట ఉండేది. తిప్పితే కింది స్వరాలు అంచెలంచెలుగా తెగిపోయి, శబ్దమంతా సన్నని రేకులా అయ్యేది. మళ్ళీ వెనక్కి తిప్పగానే బేస్ వచ్చి మీద పడేది. ఇదంతా ఒక్క ఊపులో, అప్పటికప్పుడు చేసేదే. మళ్ళీ చేయమంటే అదే రాదు. అందుకే ఆయన్ను ఇంజనీరు అనడం నాకు చాలదనిపిస్తుంది. మిక్సింగ్ బల్ల మీద మనోధర్మం చూపించినవాడాయన.

1976లో వచ్చిన ‘కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’ ఆల్బమ్ పాబ్లో, టబ్బీల పొత్తు. అందులో బేస్ వాయించినవాళ్ళలో బాబ్ మార్లీ బృందం బేస్ వాద్యకారుడు ఆస్టన్ బారెట్, ఆయన శిష్యుడు రాబీ షేక్స్‌పియర్ ఉన్నారు. గురుశిష్యులిద్దరూ ఇప్పుడు లేరు, రాబీ 2021లో, బారెట్ 2024లో పోయారు. టబ్బీని 1989లో ఆయన ఇంటి ముందే ఎవరో కాల్చి చంపారు.

వాటర్‌హౌస్‌కు ఇంకో కథ కూడా ఉంది. టబ్బీ దగ్గర పనిచేసిన ప్రిన్స్ జామీ ఈ పేటలోనే సొంత స్టూడియో పెట్టి, 1985లో చిన్న కాసియో కీబోర్డు లయ మీద ‘అండర్ మీ స్లెంగ్ టెంగ్’ పాట చేశాడు. బేస్ గిటార్ లేదు, వాయించే మనిషీ లేడు. దేశమంతా ఊగిపోయింది. బేస్‌ను సింహాసనం ఎక్కించిన సందుల్లోనే బేస్ వాయించేవాళ్ళకు పని తగ్గింది. డ్రైవరు అది గర్వంగా చెబుతుంటే నేను తలూపి ఊరుకున్నాను.

ఆదివారం రాత్రి జాక్స్ హిల్ కొండ మీద డబ్ క్లబ్బు. కారు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంటే సంగీతం కన్నా ముందు బేస్ వచ్చింది. గిటారు, తాళాలు, గొంతు చెట్లను దాటి రాలేవు. బేస్ గిటార్ అడుగు తీగ పలికేది సుమారు 41 హెర్ట్‌జ్. ఆ శబ్ద తరంగం ఎనిమిది మీటర్ల పైచిలుకు పొడవుంటుంది, గోడలను, చెట్లను లెక్కచేయదు. పైన ఆరుబయట పెట్టెల గోడ, కింద కింగ్‌స్టన్ దీపాలు, వాటి అవతల చీకటి సముద్రం. రికార్డు వేసే సెలెక్టరు బేస్ మీటను పూర్తిగా తగ్గించేస్తాడు. జనం నిలబడి ఎదురుచూస్తారు. వదలగానే నా చొక్కా కదిలింది, డొక్కలో తెలిసింది. ఇన్నేళ్ళుగా నేను వాయిస్తున్న వాయిద్యాన్ని అంత నిండుగా ఎప్పుడూ వినలేదు. మా దగ్గర సౌండ్ అబ్బాయి మొదట తగ్గించేది నా ఛానెలే. కొండ మీద చలి ఉంటుంది, వెళ్ళేవాళ్ళు శాలువా పట్టుకెళ్ళండి.

రికార్డుల దుకాణంలో పరిచయమైన పెద్దాయన ఒకాయన, స్టూడియోలలో బేస్ వాయించి విశ్రాంతి తీసుకుంటున్నవారు, గంటకింత అని మాట్లాడుకుని పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. మామిడి చెట్టు కింద రెండు కుర్చీలు, ఒక పాత ఆంప్లిఫయర్. ముందుగా నా చేతిలోని గిటారు టోన్ మీటను అడుగంటా తిప్పేశారు, మెరుపంతా పోయింది. నున్నటి చుట్టుతీగలు వేసుకోమన్నారు, తెగేదాకా మార్చవద్దన్నారు. బారెట్ తన మొదటి బేస్‌ను చెక్కతో, కర్టెన్ తీగతో, బ్రిడ్జికి బదులు యాష్‌ట్రే పెట్టి చేసుకున్నాడని చెప్పి, “నీకు ఇంత మంచి గిటారు ఉంది, ఇక సాకులు లేవు” అన్నారు.

ఆ తరవాత లయ. వన్ డ్రాప్ అనే రెగ్గే లయలో నాలుగు దెబ్బలు లెక్కపెడితే డ్రమ్ము పడేది మూడో దానిమీద. మొదటిది ఖాళీ. సమం, అంటే తాళం మొదటి దెబ్బ, దగ్గర అందరూ కలుసుకోవాలని పెరిగిన చెవి మనది. తాళం మొదలయ్యాక ఆగి ఎత్తుకునే కీర్తనలు మనకూ ఉన్నా, సమాన్నే ఊరంతా వదిలేసి కూర్చోవడం వేరు. నేను వాయించిన వరుసలో ఎనిమిది స్వరాలుంటే ఆయన ఒక్కొక్కటే తీయించారు. ఐదు మిగిలాయి. నోట్ ఎక్కడ మొదలవుతుందో కాదు, ఎడమ చేతి వేలు ఎప్పుడు లేచి దాన్ని ఆపుతుందో చూసుకోమన్నారు. టబ్బీ మీటలతో చేసింది వాయించేవాడు వేలితో ముందే చేసి పెట్టాలన్నమాట. అలా తీయగా తీయగా ఆ ఐదు స్వరాలకు నడక వచ్చింది. రెండు ఆవర్తాల ఆ వరుసనే గంటసేపు వాయించాను. ఆయన కాలితో నేల తడుతూ కూర్చున్నారు, మధ్యలో ఒకసారి లేచి ఫోను మాట్లాడి వచ్చారు కూడా.

బావ అదంతా ఫోనులో వీడియో తీశాడు. అక్కడే చూసుకుంటే మామిడి చెట్టు మీద పిట్టల గోల ఉంది, వీధిలో హారన్లు ఉన్నాయి, పెద్దాయన కాలి చప్పుడు ఉంది, బేస్ లేదు. ఫోను చిన్న స్పీకరు అంత కింది స్వరాలు పలకలేదు. ఆ సంగతి పట్టించుకోకుండా బావ దాన్ని ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

చెల్లెలు వెంటనే మెసేజి పెట్టింది. “గిటారు పట్టుకుని ఊరికే కూర్చున్నావేమిటి అన్నయ్యా?”