తోడు వేసిన నీళ్ళు

మా పాపకు తెలుగు చదవడం వచ్చు. డల్లాస్ దగ్గర మేముండే ఊళ్ళో ఐదేళ్ళుగా ఆదివారం తెలుగు బడికి వెళ్తోంది. గుణింతాలు తడుముకోకుండా రాస్తుంది. కానీ వారానికోసారి విజయవాడకు వీడియో కాల్ చేస్తే తాతయ్యతో నడిచే సంభాషణ ఇంతే: "తిన్నావా అమ్మలూ?" "తిన్నాను." "ఏం తిన్నావు?" "పాస్తా." ఆ తర్వాత ఫోన్ నా చేతికొచ్చేది. తప్పు ఇద్దరిదీ కాదు. మాట్లాడుకోవడానికి వాళ్ళిద్దరికీ ఉమ్మడిగా ఒక్క పని కూడా లేదు.

ఆ పని దొరికింది 2024 వేసవి సెలవుల్లో. దానికి ముందు ఒక బాధాకరమైన ముచ్చట ఉంది. అంతకు రెండేళ్ళ క్రితం విజయవాడ వచ్చినప్పుడు పాప అడిగిందని ఒక గాజు గిన్నె, నాలుగు గోల్డ్‌ఫిష్ కొనిచ్చాం. "ఇవాళ నీళ్ళు పోయండి, ఇవాళే వదలండి" అన్నాడు షాపతను. ఐదు రోజుల్లో నాలుగూ పోయాయి. పాప రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. చేపలు విసర్జించే అమ్మోనియాను విరిచే బాక్టీరియా కొత్త నీళ్ళలో ఉండదని, ఆ విషమే వాటిని చంపిందని మాకప్పుడు తెలియదు. పైగా గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళ చేప, బాగా పెద్దదవుతుంది, మురికీ ఎక్కువే చేస్తుంది. బెజవాడ ఎండల్లో, ఆ చిన్న గిన్నెలో అవి బతికే దారే లేదు.

ఈసారి పాప చదువుకుని వచ్చింది. సూట్‌కేసులో నీటి పరీక్ష కిట్ కూడా తెచ్చుకుంది. జూన్ మొదటి వారంలో దిగాం, ఆగస్టు 8న తిరుగు ప్రయాణం. సింగ్ నగర్‌లో మా అమ్మానాన్నల ఇల్లు మొదటి అంతస్తులో ఉంటుంది. హాల్లో తూర్పు కిటికీ పక్కన రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉన్న గాజు తొట్టి పెట్టాం. నీళ్ళు అరవై లీటర్లు, వాటికి ఇసుక, గాజు బరువు తోడు. ఎంత లేదన్నా ఎనభై కిలోలు దాటుతుందని లెక్కేసి నాన్న ఇనుప స్టాండు చేయించారు. అడుగున థర్మకోల్ షీటు పరిచారు, గాజుకు ఎక్కడా ఒత్తిడి పడకుండా.

మట్టి దగ్గర మొదటిసారి ఇద్దరికీ మాట కలిసింది. మొక్కల కోసం అడుగున పోషకాలున్న మట్టి కావాలని పాప చెప్పింది. నాన్నది కైకలూరు వైపు పల్లె, చేపల చెరువుల మధ్య పెరిగిన మనిషి. ఎరువు తగలని తోటమట్టి తెప్పించి, మేడ మీద ఎండబెట్టి, ఇద్దరూ జల్లెడ పట్టారు. అంగుళం మందాన మట్టి, దాని మీద అంగుళంన్నర ఇసుక. ఆ ఇసుకను బకెట్‌లో ఎన్నిసార్లు కడిగారో లెక్క లేదు. "ఇంకా మడ్డి వస్తోంది" అంటారు నాన్న. "మడ్డి అంటే?" అని ఇది. చేత్తో తిప్పి చూపించారు. "తేటగా అయ్యేదాకా కడగాలి." ఆ రోజు మడ్డి, తేట అనే రెండు మాటలు దాని నోట్లోకొచ్చాయి. ఐదేళ్ళ ఆదివారాల్లో రాని మాటలవి.

తడి ఇసుకలో ముందు మొక్కలు నాటి, ఆ తర్వాత ఒక పళ్ళెం పెట్టి దాని మీద సన్నగా నీళ్ళు పోశారు. అలా పోస్తే మట్టి కదలదు. వెనకవైపు గడ్డిలా పొడుగ్గా పెరిగే వాలిస్నేరియా, ఒక మూల హార్న్‌వర్ట్. జావా ఫెర్న్ దుంపను ఇసుకలో పాతిపెడితే కుళ్ళిపోతుంది, అందుకని దాన్ని నల్ల దారంతో రాయికి కట్టాలి. ఆ పని అమ్మ చేసింది, పూలు కట్టిన చేతులు కదా. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోవడానికి టబ్బుల్లో ఒక రోజు నిలవ ఉంచాం. డల్లాస్ వైపు నీళ్ళలో క్లోరమైన్ కలుపుతారు, అది నిలవ ఉంచినంత మాత్రాన పోదు, మందు వేయాల్సిందే. ఈ తేడా పాపే నాకు చెప్పింది.

ఇక చేపలెప్పుడు? కనీసం నాలుగైదు వారాలు ఆగాలంది పాప. అమ్మ ఆశ్చర్యపోయింది, "ఖాళీ తొట్టి చూస్తూ కూర్చోవాలా?" అని. నైట్రోజన్ సైకిల్ అంతా పాపకు ఇంగ్లీషులో కంఠతా వచ్చు. తెలుగులో చెప్పబోయి ఆగిపోయింది. నేను అందుకోబోతే నాన్న చేయి అడ్డం పెట్టారు. అది చేతులు తిప్పుతూ చెప్పింది: చేప ఉచ్చ విషం, కనపడని పురుగులు దాన్ని తిని ఇంకో విషం చేస్తాయి, వేరే పురుగులు దాన్ని తిని మొక్కలకు ఎరువు చేస్తాయి, ఆ పురుగులు పెరగాలి. నాన్న వెంటనే, "చెరువుకైనా అంతే. సున్నం చల్లి, ఎరువేసి, నీళ్ళు పెట్టి, రంగు తిరిగాకే చేపపిల్లను వదులుతాం" అన్నారు. పాత అక్వేరియంలో నీళ్ళు వడకట్టే స్పాంజిని పిండి ఆ నీళ్ళు పోస్తే పురుగులు త్వరగా పెరుగుతాయని పాప అనగానే అమ్మ అంది, "అదేంటే, తోడు వేయడమేగా!"

అంతకన్నా మంచి మాట నాకు ఏ భాషలోనూ తట్టదు. రెండు వీధుల అవతల ఏళ్ళ తరబడి చేపలు పెంచుతున్న కుటుంబం ఉంది. పాప, నాన్న ఒక స్టీలు గిన్నె పట్టుకుని వాళ్ళింటికెళ్ళారు. "కొంచెం తోడు ఇస్తారా?" అని పాపే అడిగిందట.

రోజూ చిటికెడు చేపల మేత వేసి కుళ్ళనిచ్చారు, పురుగులకు తిండి అదే. రెండు రోజులకోసారి పరీక్ష. చుక్కలు పాప వేస్తుంది, రంగు నాన్న చూస్తారు, నోట్‌బుక్‌లో అంకె పాప రాస్తుంది. మొదటి వారంలో అమ్మోనియా పెరిగింది, రెండో వారం నుంచి నైట్రైట్, అంటే పాప చెప్పిన ఆ ఇంకో విషం. మూడో వారంలో గాజుకు గోధుమరంగు పాకుడు పట్టింది. లైటు పది గంటలు వేయడం ఎక్కువైందేమోనని ఏడుకు తగ్గించారు. ఊరెళ్ళేలోపు చేపల్ని చూస్తానో లేదో అని పాపకు టెన్షన్. నాకైతే ఆ ఆలస్యం వరమనిపించింది. చేపలు మొదటి రోజే వచ్చుంటే అది రెండు రోజులు చూసి ట్యాబ్ పట్టుకునేది. ఏమీ లేని నీళ్ళ ముందు తాతామనవరాళ్ళు నెల రోజులు పొద్దున్నే స్టూళ్ళు వేసుకుని కూర్చున్నారు.

జులై మూడో వారంలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాయి. ముందు ఆరు మగ గప్పీలు తెచ్చాం. ఆడవి కలిస్తే పిల్లలతో తొట్టి నిండిపోతుంది. కవరును ఇరవై నిమిషాలు నీళ్ళ మీద తేలనిచ్చి, తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా కవర్లో కలిపి, చేపల్ని వలతో తీసి వదిలారు. పది రోజులకు రెండు హనీ గౌరామీలు. నీళ్ళ పైకొచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి వేడిని తట్టుకుంటాయవి. నియాన్ టెట్రాలు అందంగా ఉన్నా మా హాల్లో నీళ్ళు ముప్పై డిగ్రీలు దాటుతాయి కాబట్టి వద్దనుకున్నాం. వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మార్చాలని, స్పాంజిని కుళాయి కింద కాకుండా తీసిన నీళ్ళలోనే జాడించాలని పాప నోట్‌బుక్‌లో తెలుగులో రాసి తాతయ్యకు అప్పజెప్పింది. "జాడించాలి" స్పెల్లింగ్ అమ్మమ్మను అడిగి రాసింది.

సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్‌ను ముంచేసింది. కింది వాటా వాళ్ళు మా అమ్మానాన్నల దగ్గరికి పైకొచ్చేశారు. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. రెండు రోజులు మాకు కబురే లేదు. ఆ రెండు రోజుల గురించి రాయడం ఇప్పటికీ నా వల్ల కావడం లేదు. మూడో రోజు ఎవరిదో పవర్ బ్యాంకుతో నాన్న ఫోన్ చేశారు. నేను ఏడుస్తున్నాను, మాట రావడం లేదు. పాప ఫోన్ లాక్కుంది.

"తాతయ్యా, తిన్నావా?"

"తిన్నా అమ్మలూ. పడవలో ఇచ్చారు."

"ఏం తిన్నావు?"

"పులిహోర."

చేపల మాట నాన్నే ఎత్తారు. తొట్టి మోటారు ఆగిపోయిందని, నీళ్ళలో గాలి కలిసేలా గంటకోసారి గ్లాసుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి పోస్తున్నానని చెప్పారు. మేత పూర్తిగా ఆపెయ్యమంది పాప. నీళ్ళు మార్చడమనే ప్రశ్నే లేదు, తాగడానికే లేవు. అమ్మోనియాను మొక్కలు పీల్చుకుంటాయని, కిటికీ తలుపులు తెరిచి వెలుతురు రానివ్వమని చెప్పింది. అంతా తెలుగులోనే చెప్పింది. కరెంటు వచ్చేసరికి రెండు గప్పీలు పోయాయి. మిగతావి నిలబడ్డాయి. చేపలు తక్కువ, మొక్కలు ఎక్కువ ఉండటమే వాటిని కాపాడిందని నా నమ్మకం.

ఇప్పుడు కాల్ నాకు అందేసరికి అరగంట దాటుతోంది. ఇక్కడా ఒక చిన్న తొట్టి పెట్టింది పాప. హార్న్‌వర్ట్ ఆకులు రాలుతున్నాయంటే నాన్న ఫోన్‌ను గాజుకు దగ్గరగా పెట్టమని చూస్తారు. ఆ తర్వాత మాట చేపల మీద నుంచి బళ్ళోకి, స్నేహితురాలితో గొడవలోకి, నాన్న మోకాలి నొప్పిలోకి వెళ్తుంది. భాష తప్పులు బోలెడు. ఎవరూ దిద్దరు.

ఈ డిసెంబరులో వెళ్తున్నాం. తీసుకెళ్ళాల్సిన వాటి జాబితా పాపే రాసి ఫ్రిజ్‌కు అంటించింది: "తాతయ్యకి నైట్రైట్ చుక్కలు, పాత సీసా డేట్ అయిపోయింది. అమ్మమ్మకి నల్ల దారం, రెండు ఉండలు."