నవంబర్ 11, 2022, సెలవు, దొరకని సిరప్పు, తాతయ్య తిట్లు

ఇవాళ శుక్రవారం, యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే రోజు, సెలవు. తొమ్మిదింటిదాకా లేవకూడదని రాత్రే గట్టిగా అనుకుని పడుకున్నా. నాలుగింటికి మా బుడ్డోడు చెవి పట్టుకుని ఏడుస్తూ లేచాడు. ఇంక నిద్రేంటి. ఎనిమిదికల్లా డాక్టర్ దగ్గర ఉన్నాం, చూసి ఇన్ఫెక్షన్ అని అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాసిచ్చారు, ఐదేళ్ళ పిల్లాడు కదా, పొడిలో నీళ్ళు కలిపిచ్చే సిరప్పు. అయిపోయింది అనుకున్నా. అసలు కథ అక్కణ్ణించి మొదలైంది.

మొదటి షాపులో లేదు. రెండోదాంట్లో లేదు, మూడోచోట "వారం నుంచి రావట్లేదండీ" అన్నాడు. క్యాప్సూల్స్ మాత్రం డబ్బాలు డబ్బాలు ఉన్నాయంట, పిల్లలకి పట్టేదే లేదంట. మళ్ళీ ఇదేం కొత్త మందు కాదు, నేను పుట్టక ముందు నుంచీ ఉన్నదే, పేటెంటు గోల కూడా ఎప్పుడో తీరిపోయింది. అంత పాతది, అంత చవకది కాబట్టే ఈ పరిస్థితి అని నాకు అనిపిస్తుంది, పెద్దగా లాభం లేని సరుకుని ముందుజాగ్రత్తగా ఎక్కువ చేసి పెట్టుకునే కంపెనీ ఎక్కడుంటుంది. కోవిడ్ టైంలో పిల్లలు ఇళ్ళల్లోనే ఉండి జబ్బులు తగ్గాయి, మందు అమ్మకాలు పడిపోయాయి, తయారీ తగ్గించుకున్నారు, ఈ ఏడాది చూస్తే ఆర్‌ఎస్‌వీ అని పిల్లల ఊపిరితిత్తులకి పట్టే వైరస్, ఫ్లూ రెండూ సీజన్ కంటే ముందే ఒకేసారి విరుచుకుపడ్డాయి. మిగతాది నా మూడు షాపుల తిరుగుడు.

నాలుగోది ఫోన్‌లోనే కనుక్కుందాం అని ఇంటికొచ్చేశా. టీవీలో స్మారకం దగ్గర కార్యక్రమం వస్తోంది, సరిగ్గా పదకొండుకి రెండు నిమిషాల మౌనం. అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు, నేనూ లేచి నిలబడ్డా, కానీ చెవిదగ్గర ఫోన్‌లో హోల్డ్ మ్యూజిక్ మోగుతూనే ఉంది, కట్ చేస్తే మళ్ళీ క్యూలో చివరికి పోతామని కట్ చెయ్యలేదు. సిగ్గుగానే ఉంది చెప్పాలంటే.

ఈ పదకొండు గంటల సంగతి ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది నాకు. 1918లో ఇదే రోజు తెల్లారుజామున ఐదింటికి ఫ్రాన్స్‌లో అడవి మధ్య ఒక రైలు పెట్టెలో మొదటి ప్రపంచ యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకాలు అయిపోయాయి. అమలు మాత్రం పదకొండు నుంచి అన్నారు. ఆ ఆరుగంటల్లో కూడా కాల్చుకుంటూనే ఉన్నారు, హెన్రీ గుంథర్ అనే అమెరికన్ సైనికుడు 10:59కి పోయాడు. ఒక్క నిమిషం! ఆ చివరి పొద్దున ఆ కందకాల్లో ఉన్నవాళ్ళు ఏం మాట్లాడుకుని ఉంటారు? నాకు తెలిసి పద్యాలు మాత్రం చదివుండరు.

ఎందుకు చెప్తున్నానంటే, నిన్న రాత్రే మా పెద్దమ్మ కొడుకు అన్నయ్య ప్రూఫు పంపాడు. మా తాతయ్య 1922లో పుట్టారు, శతజయంతి అని ఇంట్లోవాళ్ళం తలా ఒక పేజీ రాసి చిన్న పుస్తకం వేయిస్తున్నాం. తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో సిపాయి, నేను ఆయన బర్మా మాత్రల కథ రాశా. 1942లో జపాన్ వాళ్ళు జావా పట్టుకున్నాక మలేరియా మందు క్వినైన్‌కి కరువొచ్చింది, అప్పట్లో దాన్ని తీసే సింకోనా చెట్టు బెరడు ప్రపంచానికి కావాల్సింది చాలావరకు అక్కణ్ణించే వచ్చేది. దాంతో సిపాయిలకి మెపాక్రిన్ అని పసుపు రంగు మాత్రలు ఇచ్చారు, పరమ చేదు, మింగితే ఒళ్ళు కూడా పసుపు రంగుకి తిరిగేది. పైగా అది మింగితే మగతనం పోతుందని ఒక పుకారు. అందుకని ఆఫీసర్లు దగ్గర నిలబడి మింగించేవాళ్ళంట. ఆ సీను తాతయ్య చెప్తుంటే ప్రతి రెండు మాటలకీ ఒక బూతు పడేది, మాత్రని, ఆఫీసర్ని, దోమని, దోమ తల్లిని, ఎవర్నీ వదిలేవారు కాదు. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆఖర్న మలేరియాతో పోయిన తన పక్క బెడ్డు కుర్రాడి సంగతి వచ్చేసరికి మాత్రం తిట్టు ఆగిపోయేది. ఆ ఆగిపోవడం వల్లే మాకు తెలిసేది.

అన్నయ్య బూతులన్నీ తీసేశాడు. మాత్ర "చాలా చేదుగా ఉండేదని తాతగారు అనేవారు" అంట. అనేవారా! ఫోన్ చేస్తే "పిల్లలు కూడా చదువుతారు కదమ్మా, ఆయన పరువు కూడా చూడాలి" అన్నాడు. తిట్లు తీసేస్తే చివర్లో ఆ మౌనం ఎక్కడ నిలబడుతుంది అన్నయ్యా అంటే, నువ్వు మరీ లోతుకి పోతావు అని పెట్టేశాడు.

ఈ గొడవ మా ఇంట్లోనే కాదులే. 2004లో ఇదే నవంబర్ 11న అమెరికాలో ఏబీసీ టీవీ వాళ్ళు "సేవింగ్ ప్రైవేట్ ర్యాన్" అనే యుద్ధం సినిమా కోతల్లేకుండా వేస్తామంటే, అందులో బూతులున్నాయి, ఫైన్ పడుతుందేమో అని 60కి పైగా లోకల్ స్టేషన్లు వెయ్యలేదు. పేగులు బయటపడ్డ సీన్లకి భయం లేదు, నోట్లోంచి వచ్చిన మాటకే భయం. తర్వాతి ఏడాది ప్రభుత్వ కమిషనే అందులో తప్పేం లేదని తేల్చింది, అప్పటికి పండగ అయిపోయింది.

సెన్సార్ అంటే ఇంకోటి గుర్తొస్తుంది. మొదటి యుద్ధంలో ఫ్రాన్స్ నుంచి మన సిపాయిలు రాసిన ఉత్తరాలు బ్రిటిష్ సెన్సార్ వాళ్ళు తెరిచి చదివేవాళ్ళు. అందుకని సిపాయిలు నల్ల మిరియాలు అయిపోతున్నాయి, ఇప్పుడు ఎర్రవి వాడుతున్నారు అని రాసేవాళ్ళు, నల్లవి అంటే మనోళ్ళు, ఎర్రవి అంటే తెల్లోళ్ళు. సెన్సార్ వాళ్ళకి అదీ అర్థమైపోయింది. కానీ తమాషా ఏంటంటే వాళ్ళు తర్జుమా చేసి రిపోర్టుల్లో ఎక్కించుకున్న ముక్కలే ఇవాళ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో మిగిలాయి. కోసినవాడి కాగితాల్లోనే మాట బతికింది. మా అన్నయ్య మాత్రం అసలు కాపీ కూడా డిలీట్ చేసుంటాడు, నాకు తెలుసు వాడి సంగతి.

ఇంత మాట్లాడుతున్నా గానీ నేనూ ఒకటి తీసేశా. వంటవాణ్ణి తాతయ్య కులం పేరుతో తిట్టేవారు, ఆ కథలోనే, నవ్వుతూనే. అది నేను రాయనే లేదు, అన్నయ్య కంటే ముందే నేను కోసేశా. బూతు వేరు ఇది వేరు అని నాకు నేను చెప్పుకుంటున్నా, వేరే కూడా, బూతు దోమకి తగిలి పోతుంది, ఇది మనిషికి తగిలి వాడి మనవడిదాకా పోతుంది. కానీ ఉన్నదున్నట్టు తాతయ్యని గుర్తుపెట్టుకుందాం అని అన్నయ్యతో గంట వాదించిందాన్ని నేనే కదా. రాయాలేమో. రాస్తే ఆ పుస్తకం ఎవరి చేతికి వెళ్తుందో ఆలోచించాలి. తేలలేదు నాకు.

నాలుగో షాపులో ఫోన్ ఎత్తిన ఆవిడ పుణ్యాత్మురాలు, డాక్టర్‌తో మాట్లాడి క్యాప్సూల్ ఇప్పించింది, తెరిచి పొడి ఇంత అని కొలత రాసిచ్చి, తియ్యటిదాంట్లో కలిపి పట్టమంది. కలిపి పట్టా. వాడు మొహం వికారంగా పెట్టి సగం నా చొక్కా మీద ఉమ్మేసి "ఛండాలంగా ఉంది అమ్మా" అన్నాడు.

ఆ మాట వాడికి నా నోట్లోంచే వచ్చింది, రోజుకి పదిసార్లు అంటాను, ట్రాఫిక్‌ని, సీరియల్‌ని, చల్లారిన కాఫీని. అదీ ఒక కులం పేరే. దాన్ని ఏ ప్రూఫులోనూ ఎవరూ కొట్టెయ్యలేదు ఇంతవరకు, అన్నయ్య రాసిన పేజీలో కూడా ఉంది, ఇప్పుడే వెతికి చూశా, రెండుసార్లు.

ఉమ్మేసింది ఎంతో తెలీదు కాబట్టి మళ్ళీ పట్టాలా వద్దా అని ఆవిడకే ఫోన్ చేస్తున్నా. హోల్డ్‌లో పెట్టారు.