ఆమదాలవలస నుంచి చెన్నైకి, చిప్పులతో

పరిశోధక విద్యార్థుల్ని చెన్నైలో మైక్రోఫ్లూయిడిక్స్ (చాలా సన్నని దారుల్లో ద్రవాల్ని నడిపే శాస్త్రం) సదస్సుకి తీసుకెళ్లాలనుకున్నప్పుడు మా శ్రీకాకుళంలో మొదట తేలాల్సింది డబ్బు సంగతే. ప్రయాణ సాయం చాలావరకు వెళ్లొచ్చాక, బిల్లులు చూసి ఇచ్చేదే. స్కాలర్‌షిప్పే ఆలస్యంగా పడేవాళ్లు రిజిస్ట్రేషను, టికెట్లు, గది అద్దె ఎక్కణ్ణించి తెస్తారు? అందుకే ఆ ఖర్చుకి డిపార్ట్‌మెంట్ నుంచి అడ్వాన్సు ఇప్పించి, సాయం అందాక తిరిగి జమ చేసేలా చూశాం. మొత్తం పెంచడం కన్నా ముందుగా చేతికివ్వడమే ఎక్కువ మేలు.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. అబ్‌స్ట్రాక్ట్ (మన పరిశోధన సారాంశం) తీసుకున్నామని మెయిలు వచ్చేదాకా ఆగితే వెయిటింగ్ లిస్టే గతి. ముందే తీసుకుని, కుదరకపోతే రద్దు చేసుకోవడమే నయం. ఎక్కేది ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో. దాని కోడ్ సీహెచ్‌ఈ, చికాకోల్ అన్న పాత పేరు నాటిది. చెన్నై సెంట్రల్‌ది ఎంఏఎస్. బిల్లులు చూసేవాళ్లకి సీహెచ్‌ఈ అంటే చెన్నైలా కనిపిస్తుంది కాబట్టి టికెట్ కాపీ మీద రెండు పేర్లూ పెన్నుతో రాసిపెట్టాం.

పోస్టర్ గుడ్డ మీద ప్రింటు వేయిస్తే మడతపెట్టి సంచిలో పడేయొచ్చు. ఏ-జీరో అంటే 84 సెంటీమీటర్ల వెడల్పు, 119 పొడవు. బోర్డు నిలువా అడ్డమా అన్నది ముందే కనుక్కోవాలి.

అసలు జాగ్రత్త చిప్పులకి, అంటే ద్రవం పారే సన్నని ఛానెళ్లున్న చిన్న పలకలకి. వాటిని చేసే పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరు గుండా నీటి ఆవిరి బయటికి పోతుంది. బఫర్ (ఉప్పు కలిసిన ద్రావణం) నింపి రైలెక్కిస్తే తెల్లారేసరికి ఉప్పు పేరుకుని ఛానెల్ మూసుకుపోవచ్చు. కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, సిరంజితో గాలి పంపి ఆరబెట్టి, రంధ్రాలకి టేపు అంటించి, పెట్రీ డిష్‌లో విడిగా పెట్టాం. ట్యూబులు తీసేశాం, కుదుపులకి అవి లాగితే రంధ్రం అంచు చిరుగుతుంది. ప్లాస్మా బాండింగ్ చేసిన (ప్లాస్మా తగిలించి అతికించిన) ఛానెల్ కొద్ది రోజులకే మళ్లీ నీటిని తోసేస్తుంది. ఇథనాల్‌తో తడిపితే సరిపోయేది కానీ, మండే ద్రవాలు రైల్లో తీసుకెళ్లకూడదు. నీళ్లలో సబ్బులాంటి ట్వీన్-20 0.1 శాతం కలిపి నింపాం.

చూపించడానికి వై ఆకారపు ఛానెల్ చాలు: 300 మైక్రాన్ల వెడల్పు, 100 లోతు, ఒక్కో వైపు నుంచి నిమిషానికి 5 మైక్రోలీటర్లు. ప్రవాహం సాఫీగా సాగుతుందా, సుడులు తిరుగుతుందా అన్నది చెప్పే రేనాల్డ్స్ సంఖ్య 1 లోపే, అందుకే ఎరుపు, నీలం రంగు నీళ్లు కలవకుండా పక్కపక్కనే వెళ్తాయి. చివరికొచ్చేసరికి అంచు మసకబారుతుంది, అది డిఫ్యూజన్, అంటే రంగు అణువులు వాటంతటవే పక్కకి వ్యాపించడం. చాలామంది అడిగేది దాని గురించే, విద్యార్థి అక్కడ తడబడకూడదు. రెండు గంటలకి ఒక్కో రంగు 0.6 మిల్లీలీటర్లు; 1 మిల్లీలీటర్ సిరంజి మధ్యలో మార్చక్కర్లేదు. ఐస్ బాక్సులోంచి తీసిన ద్రవాన్ని వెంటనే ఎక్కిస్తే, వెచ్చబడుతూ అందులో కరిగిన గాలి బుడగలై ఛానెల్లో ఇరుక్కుంటుంది. గది వేడికి రానిచ్చాకే నింపాలి.

పోస్టర్ల దగ్గర ప్లగ్ పాయింట్ ఉంటుందన్న నమ్మకం లేదు. సిరంజిల్ని నొక్కే పంపు నడవకపోతే రెండు సిరంజిల పిస్టన్లు తీసేసి, ద్రవం ఒకే మట్టంలో ఉండేలా కాస్త ఎత్తున కట్టినా ప్రవాహం వస్తుంది.

తిరుగు రైలు రాత్రికి. హాజరు సర్టిఫికెట్ ముగింపు సభలో ఇస్తామంటారు. అది లేనిదే సాయం బిల్లు కదలదు. మధ్యాహ్నమే కౌంటర్లో అడిగి, సంతకం, స్టాంపు చూసుకుని తీసుకున్నాం.