అత్తయ్య, మావయ్యలతో ఎలెవెన్ మైల్ రిజర్వాయర్ దగ్గర క్యాంపింగ్

కొలరాడోలో వేసవి రాగానే మన వాళ్లంతా క్యాంపింగ్ ప్లాన్లు మొదలుపెడతారు, కానీ ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చి ఉంటే మాత్రం "వాళ్లకి కష్టం, వచ్చే ఏడు చూద్దాంలే" అని ఆపేస్తారు. పోయిన జులైలో మేము మా అత్తయ్య, మావయ్యలని తీసుకునే వెళ్లాం. ఇద్దరూ అరవై దాటినవాళ్లు, గుడారంలో ఎప్పుడూ పడుకోలేదు. ముందుగా ఏమేం చూసుకున్నామో రాస్తే ఇంకొకళ్లు కూడా ధైర్యం చేస్తారని ఇది రాస్తున్నాను.

మేము వెళ్లింది ఎలెవెన్ మైల్ స్టేట్ పార్క్‌కి. డెన్వర్ నుంచి 285 హైవే మీద కెనోషా పాస్ ఎక్కి దిగి, ఫెయిర్‌ప్లే, హార్ట్‌సెల్ మీదుగా వెళ్తే మాకు రెండున్నర గంటలు పట్టింది. వెతికేటప్పుడు ఒకటి గమనించండి, ఎలెవెన్ మైల్ కాన్యన్ అని ఇంకోటి వస్తుంది. అది డ్యామ్‌కి దిగువన ఫారెస్ట్ సర్వీస్ వాళ్లది, బుకింగ్ కూడా వేరే వెబ్‌సైట్‌లో. ఆ కాన్యన్ రోడ్డు డ్యామ్ దగ్గరే ఆగిపోతుంది, అటు నుంచి పైకి రిజర్వాయర్ పార్కులోకి దారి లేదు. స్టేట్ పార్క్‌లో సైట్లన్నీ, అంటే గుడారం వేసుకునే జాగాలన్నీ, కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల దగ్గరే బుక్ చేసుకోవాలి.

ఆరు నెలల ముందు నుంచి తీసుకోవచ్చు, అంటే జులై వారాంతం కావాలంటే జనవరిలోనే కూర్చోవాలి. మావయ్య వాళ్ల వీసా స్టాంపింగ్ కూడా అప్పటికి అవలేదు, అయినా మా ఆయన బుక్ చేసేశారు, రాకపోతే క్యాన్సిల్ చేసుకుందామని. ఒక సైట్‌కి ఆరుగురికే అనుమతి. మాతో ఇంకో కుటుంబం కూడా వస్తామన్నారు కాబట్టి పక్కపక్కన రెండు సైట్లు దొరకాలి, అసలు టెన్షన్ అక్కడే. వాళ్లు ఒక కంప్యూటర్ దగ్గర, మేము ఒక కంప్యూటర్ దగ్గర ఫోన్లో మాట్లాడుకుంటూ, ముందే అనుకున్న నంబర్లు చెరొకటి తీసుకున్నాం. బండికి పార్క్ పాస్ విడిగా ఉండాలి. కారు రిజిస్ట్రేషన్‌తో పాటు కీప్ కొలరాడో వైల్డ్ పాస్ కట్టి ఉంటే రిజిస్ట్రేషన్ కార్డు మీదే ఆ గుర్తు ఉంటుంది, అది చాలు.

ఏ సైట్ తీసుకోవాలన్న దాని మీద నేను చాలా సమయం పెట్టాను, పెట్టాలి కూడా. ఈ రిజర్వాయర్ 8,600 అడుగుల ఎత్తున, సౌత్ పార్క్ అనే పెద్ద గడ్డి మైదానం అంచున ఉంది. చాలా సైట్లలో చెట్టన్నదే ఉండదు, మధ్యాహ్నం అయ్యేసరికి గాలి గట్టిగా తోలుతుంది. ఫోటోల్లో నీళ్ల పక్కనే ఉన్న సైట్ చూసి మనసు లాగుతుంది గానీ, పెద్దవాళ్లు ఉన్నప్పుడు నేను చూసింది రెండే: రాత్రి లేచి బాత్రూమ్‌కి ఎంత దూరం నడవాలి, గాలికి అడ్డుగా బండలో చెట్లో ఏమైనా ఉన్నాయా అని. అందుకే పార్క్‌లోని రాకీ రిడ్జ్ అనే క్యాంప్‌గ్రౌండ్‌లో తీసుకున్నాం. అక్కడ కరెంటు ఉన్న సైట్లు ఉన్నాయి, స్నానాల గదులున్న బిల్డింగ్ కూడా దగ్గరే. టెంట్ వేసుకోవచ్చో లేదో సైట్ వివరాల్లో చూసుకుని కరెంటు సైటే బుక్ చేశాం. ఆ కరెంటుతోనే అత్తయ్యకి ఎలక్ట్రిక్ దుప్పటి పెట్టగలిగాం. జులై అయినా తెల్లవారుజామున చలి వణికించేస్తుంది మరి. నేల మీద పడుకుంటే మోకాళ్లు పట్టేస్తాయని ఇద్దరికీ మడత మంచాలు, వాటి మీద బొంతలు. టెంట్ లోపల స్టవ్ గానీ గ్యాస్ హీటర్ గానీ ఎంత చలైనా వెలిగించకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఈ మాట మావయ్యకి కూర్చోబెట్టి చెప్పాం.

ఇక వంట. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 91 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి, అందుకని మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. కుక్కర్ తప్పనిసరి, ఇంట్లో కంటే రెండు మూడు కూతలు ఎక్కువ రానివ్వాలి. స్టవ్ కూడా ఆలోచించే తీసుకోవాలి. మన ఇళ్లలో బయట వంటకి వాడే పొడవాటి బ్యూటేన్ డబ్బా పొయ్యి చలికి మంట సరిగ్గా ఇవ్వదు, పొద్దున్నే కాఫీ అడిగేవాళ్లు ఉంటే ప్రొపేన్ స్టవ్ పెట్టుకోండి. ప్రొపేన్ స్టవ్‌కి ఇంకో లాభం కూడా ఉంది. వేసవిలో ఫైర్ బ్యాన్ (మంటల మీద నిషేధం) ఎప్పుడు పెడతారో తెలియదు, అందులో కఠినమైన స్టేజ్ 2 పెడితే కట్టెల మంట ఎక్కడా వేయకూడదు, ఆపే వాల్వ్ ఉన్న గ్యాస్ స్టవ్‌కి మాత్రం సాధారణంగా ఒప్పుకుంటారు. బయల్దేరే ముందు రోజు పార్క్ కౌంటీ (ఈ రిజర్వాయర్ ఉన్న కౌంటీ పేరే అది) వెబ్ పేజీలో చూసుకోవాలి. మొదటి రాత్రికి పులిహోర, చపాతీలు ఇంటి నుంచే తీసుకెళ్లాం, డికాషన్ కూడా తీసి సీసాలో పోసుకున్నాం. తినడం అవగానే పచ్చడి సీసాతో సహా అన్నీ కారులో పెట్టి తాళం వేశాం, ఎలుగుబంట్లు తిరిగే రాష్ట్రం ఇది.

పిల్లలకి మాత్రం ముందే చెప్పాల్సిన విషయం ఒకటుంది: ఈ నీళ్లలో ఈత లేదు, కాళ్లు తడుపుకోవడానికి దిగడం కూడా కుదరదు. ఇది డెన్వర్ వాటర్ వాళ్ల తాగునీటి రిజర్వాయర్. చేపలు పట్టుకోవచ్చు, పదహారేళ్లు నిండితే లైసెన్స్ ఉండాలి. మా అబ్బాయికి పదకొండేళ్లు, వాడికి అక్కర్లేదు, మావయ్యకి మాత్రం ఆన్‌లైన్లో ఒక రోజు లైసెన్స్ తీసుకున్నాం.

మావయ్యది నరసరావుపేట పక్క ఊరు, సాగర్ కుడి కాలవ నీళ్లతో వరి పండించిన మనిషి. ఒడ్డుకి రాగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఇది ఎన్ని టీఎంసీలమ్మా?" అని. ఇక్కడ లెక్కంతా ఎకర అడుగుల్లో (ఎకరం మీద అడుగు లోతు నీళ్లు) ఉంటుంది, సుమారు 97 వేలు. లెక్క కడితే నాలుగు టీఎంసీలకి కాస్త పైన. సాగర్ 312 కదా, "చిన్నదే" అన్నారు. కానీ సౌత్ ప్లాట్ నది మీద ఈ డ్యామ్ 1932లోనే కట్టారని, ఈ నది నీళ్లు డెన్వర్ కుళాయిల్లోకి కూడా వస్తాయని చెప్పాక ఇంకో గంట అక్కడే నిలబడి అవి ఎలా వెళ్తాయో, దారిలో ఇంకెన్ని రిజర్వాయర్లు ఉన్నాయో అడుగుతూనే ఉన్నారు. ఆయన ఈ దేశం వచ్చాక ఇంత ఉత్సాహంగా మాట్లాడటం నేను అదే చూడటం. మాల్స్ తిప్పినన్నాళ్లూ మౌనంగా వెనక నడిచిన మనిషి.

శనివారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. జులై, ఆగస్టుల్లో ఈ కొండల్లో మధ్యాహ్నం ఉరుములు మామూలే, చెట్లు లేని చోట మెరుపులంటే ఆషామాషీ కాదు. మొదటి ఉరుముకే అందరం కార్లలోకి వెళ్లిపోయాం. మేకులు లోతుగా కొట్టి, తాళ్లన్నీ బిగించి ఉంచాం కాబట్టి మా గుడారాలు నిలబడ్డాయి. పక్క సైట్‌లో ఒకళ్లది ఒరిగిపోతే వాన తగ్గాక మా ఆయన వెళ్లి నిలబెట్టి వచ్చారు. అంత ఎత్తులో పెద్దవాళ్లకి తలనొప్పి వస్తుందేమో అని భయపడ్డాను గానీ, అప్పటికే డెన్వర్‌లో మూడు వారాలకి పైగా ఉన్నారు, దారి పొడవునా నీళ్లు తాగిస్తూనే వచ్చాం, ఏ ఇబ్బందీ రాలేదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లయితే బయల్దేరే ముందు డాక్టర్‌ని అడగండి.

తిరిగి వచ్చేటప్పుడు లేక్ జార్జ్ వైపు వచ్చి, ఫ్లోరిసెంట్ ఫాసిల్ బెడ్స్ దగ్గర ఆగాం. మూడు కోట్ల నలభై లక్షల ఏళ్ల కిందటి రెడ్‌వుడ్ చెట్ల మొదళ్లు రాయిగా మారి ఉన్నాయక్కడ. నడిచే దారి సమంగా ఉంటుంది, అత్తయ్య చేయి పట్టుకోకుండానే నడిచారు. ఈ ఏడాది మా తోడికోడలి అమ్మానాన్నలు వస్తున్నారు, ఆగస్టు కోసం ఫిబ్రవరిలోనే బుక్ చేయమని దానికి చెప్పి, రాకీ రిడ్జ్‌లో మేమున్న సైట్ నంబర్ కూడా పంపించాను.