పత్తర్‌గట్టి నీడలో నడిచి చార్మినార్‌కు

ఖమ్మం నుంచి వచ్చిన పిన్ని చార్మినార్ చూస్తానంటే అఫ్జల్‌గంజ్‌లో బస్సు దింపేశాను. అక్కణ్నుంచి ఆటో ఎక్కుదామంది. నడుద్దాం పిన్నీ, మధ్యలో పత్తర్‌గట్టి బజారు ఉంది అన్నాను.

నయాపూల్ మీంచి చూస్తే కింద మూసీ సన్నటి పాయ. 1908 సెప్టెంబరు 28న ఇదే నది ఊరిని ముంచేసింది, వేలమంది పోయారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇంకా ఉందంటే పిన్ని ఆగి దణ్నం పెట్టుకుంది.

పత్తర్‌గట్టి కథ కూడా ఆ వరద తర్వాతిదే. నగరాన్ని మళ్లీ దిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు సందులు తీసేసి విశాలమైన బజార్లు వేయడం వాళ్ల పనుల్లో ఒకటి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో ఈ వీధి ఇప్పటి రూపం తీసుకుంది.

మదీనా చౌరస్తా దాటగానే రోడ్డుకు రెండు వైపులా రాతి కమానులు వరసకట్టి కనిపిస్తాయి. వాటి వెనకాల నడవా, నడవా లోపల దుకాణాలు, పైన ఇంకో అంతస్తు. బయట ఎండ మాడ్చేస్తోంది. నడవాలోకి అడుగుపెట్టాక పిన్ని నెత్తిమీది కొంగు తీసేసింది. కాలినడకన వచ్చేవాళ్లకు నీడ కావాలని వందేళ్ల కిందటే ఆలోచించారు! ఇప్పుడు మనం వేస్తున్న రోడ్లలో ఆ ఆలోచన ఎక్కడుంది?

పెళ్లి షేర్వానీలు, బురఖాలు, ముత్యాలు చూసుకుంటూ వెళ్లాం. అత్తరు కొట్టు ముందు "చూడండమ్మా, కొనకపోయినా పర్లేదు" అంటూ ముసలాయన పిన్ని మణికట్టుకు మట్టి అత్తరు రాశాడు. తొలకరి వాన వాసన. చిన్న సీసా కొనకుండా కదల్లేదు ఆవిడ.

మచిలీ కమాన్ దాటితే గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్. చార్మినార్ 1591 నాటిదైతే, ఈ హౌజ్ చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన చార్ కమాన్ ఆ మరుసటేడు కట్టినవి. వాటి నడుమ ఉన్న చౌకం ఒకప్పుడు కుతుబ్‌షాహీల రాజప్రాసాదం ముంగిలి. ప్రాసాదాలు పోయాయి, కమానులు మిగిలాయి.

చార్మినార్ చూసుకుని తిరుగుదారిలో రెండో వైపు నడవాలోంచి వచ్చాం. ఒకచోట బోర్డు లేక కమాను నిండుగా కనిపించింది, ఎంత పొందికైన పనో! తక్కిన చాలా చోట్ల రాయి బోర్డుల కింద నలిగిపోయింది, నడవాలో సగం సరుకే. పత్తర్‌గట్టికి కొత్త హంగులు అక్కర్లేదు. ఆ బోర్డులు దించి, సరుకును గుమ్మం లోపలికి జరిపితే చాలు.