తెలుగు నోటికి తమిళం: దగ్గర భాషతోనే తంటా

చెన్నైలో తమిళం మాట్లాడే స్థితికి రావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అందులో మొదటి రెండు నెలలు పద్ధతి తప్పి వృథా అయ్యాయి. భాషాబోధన చదివినవాళ్లకీ ఇది తప్పదు కాబోలు.

తెలుగువాళ్లకి తమిళం తేలిక అన్నది సగం నిజం. వాక్యం అల్లిక ఒకటే. ‘నాకు ఆకలేస్తోంది’ ఎలాగో ‘ఎనక్కు పసిక్కుదు’ అలాగే. ‘వచ్చిన మనిషి’కి ‘వంద మనుషన్’. మేము, మనం తేడా కూడా ‘నాంగ’, ‘నమ్మ’ అని సిద్ధంగా ఉంది. వీటి మీద ఒక్క పూట కూడా ఖర్చు పెట్టక్కర్లేదు. రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి తేడాలు రాసుకొమ్మని భాషావేత్త రాబర్ట్ లాడో 1957లోనే చెప్పాడు. తేడా ఉన్నచోటల్లా తప్పు వస్తుందన్న లెక్క తర్వాత నిలవలేదు గానీ, ఆ జాబితా మాత్రం నాకు అక్కరకొచ్చింది.

జాబితాలో మొదటిది క్రియ చివర. తెలుగులో అక్క వచ్చింది, బస్సూ వచ్చింది. తమిళంలో బస్సు ‘వందుచ్చు’, అక్క ‘వందాంగ’. మన నోరు అలవాటు కొద్దీ ‘అక్కా వందుచ్చు’ అనేస్తుంది, వినేవాళ్లకి అక్కని గొడ్డుతో జమకట్టినట్టుంటుంది. కాదనేటప్పుడూ ఇదే గొడవ. మనకి ఆమె రాదు, బస్సూ రాదు. వాళ్లకి బస్సయితే ‘వరాదు’, ఆమెయితే ‘వరమాట్టాంగ’. సూత్రం నిమిషంలో బుర్రకెక్కుతుంది. నోటికెక్కడానికి రెండు నెలలు. తెలియడం వేరు, అలవాటు పడడం వేరు కనుక సూత్రాన్ని మళ్లీ మళ్లీ చదివితే లాభం లేదు. రోజూ పది క్రియలు తీసుకుని, బస్సు, అక్క, తంబి ముగ్గురితోనూ ముప్పై వాక్యాలు పైకి అనాలి. వరసగా అనకూడదు, కలగాపులగం చెయ్యాలి. ఒకే వరసలో అంటే నోరు పాట పాడుతుంది, బుర్ర నిద్రపోతుంది.

మాటలు గుర్తుంచుకోవడానికి చీటీలు వాడాను. ముందువైపు తెలుగు వాక్యం, వెనక తమిళం. విడి మాట ఎప్పుడూ రాయలేదు. రోజుకి ఎనిమిది కొత్తవి, పావుగంట. పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ చెప్పిన పెట్టెల పద్ధతిని మూడు పెట్టెలకి కుదించుకున్నాను: రోజూ చూసేవి, మూడు రోజులకోసారి చూసేవి, వారానికోసారి చూసేవి. వెంటనే చెప్పగలిగితే చీటీ తర్వాతి పెట్టెలోకి, తడబడితే వెనక్కి మొదటిదానికి. రోజుకి పదిహేనుకి పెంచితే రెండో వారానికల్లా పాత చీటీలే గుట్టలు పడతాయి. తొలి రెండు నెలల్లో చేసిన తప్పు, చీటీని రెండువైపులా చదివేసి వచ్చేసిందనుకోవడం. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో చూపించింది ఇదే: అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, వారం తర్వాత అడిగితే చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్లది.

ఒకేలా వినబడే మాటలకి ఎర్రసిరా చీటీలు వేరే పెట్టాను. ‘అవసరం’ అంటే అక్కడ తొందర. మన అవసరానికి వాళ్ల మాట ‘తేవై’. ‘వీడు’ అంటే ఇల్లు. ‘సొల్లు’ అంటే చెప్పు, అందులో సొల్లేమీ లేదు. మరోవైపు చుట్టరికం చేసే మేలూ ఉంది. ‘తమిళ్’ చివర నాలుక వెనక్కి మడిచి పలికే ధ్వని ఉందే, అది పాత తెలుగు శాసనాల్లోనూ ఉంది. తర్వాత మనకి చాలాచోట్ల ‘డ’ అయింది. అందుకే వాళ్ల ‘ఏళు’ మన ఏడు, ‘కోళి’ కోడి, ‘నిళల్’ నీడ. ఇలా పట్టుకున్న మాట మరుపు రాదు. ఆ ధ్వని సరిగ్గా రాలేదని కుంగిపోనక్కర్లేదు, చెన్నైలో చాలామంది మామూలు ‘ళ’తోనే సరిపెడతారు.

పుస్తకం పట్టుకుని మొదలెడితే ఇంకో చిక్కు. ‘వెళ్తున్నాను’కి పుస్తకంలో ‘పోగిఱేన్’, వీధిలో ‘పోరేన్’. ‘ఉంది’ అనే ‘ఇరుక్కిఱదు’ నోట్లో ‘ఇరుక్కు’ అవుతుంది. భాషావేత్త ఫెర్గూసన్ 1959 వ్యాసంలో వివరించిన జంటభాషా స్థితికి, అంటే రాతకి ఒక రూపం, రోజువారీ మాటకి ఇంకో రూపం ఉండడానికి, తమిళం చక్కగా సరిపోతుంది. నేను ముందు వీధి రూపమే నేర్చుకున్నాను, లిపి నాలుగో నెలలో. 247 అక్షరాలంటే భయపడొద్దు. పన్నెండు అచ్చులు, పద్దెనిమిది హల్లులు, ‘ఆయుధ అక్షరం’ అనే మూడు చుక్కల గుర్తు ఒకటి, తక్కినవి గుణింతాలే. వత్తులు లేవు, పైన చుక్క పెడితే పొల్లు. అయితే ఎత్వం గుర్తు అక్షరానికి ముందే వస్తుంది, కన్ను అక్కడ బోల్తా పడుతుంది. క, గ రెండింటికీ ఒకే అక్షరం: మాట మొదట, జంటగా వచ్చినప్పుడు ‘క’, ముక్కు ధ్వని తర్వాత, అచ్చుల మధ్య ‘గ’. బస్సు బోర్డు మీద ‘గిండీ’ చూడగానే ఈ సూత్రం చతికిలబడుతుంది, ఊళ్ల పేర్లు దాని మాట వినవు.

అన్నిటికన్నా మొండిది, తప్పు మాట్లాడినా పని జరిగిపోవడం. ‘అక్కా వందుచ్చు’ అన్నా అర్థమైపోతుంది కనుక ఎవరూ దిద్దరు. పైగా యాస వినగానే చాలామంది తెలుగులోకో ఇంగ్లీషులోకో మారిపోతారు. భాషావేత్త సెలింకర్ 1972లో గడ్డకట్టడం అన్నది ఇలా దిద్దుబాటు లేక స్థిరపడిపోయే తప్పుల గురించే. పక్కింటి పెద్దావిడని బతిమాలుకుని వారానికి ఒకే ఒక్క తప్పు అప్పజెప్పాను: ఈ వారం క్రియ చివర మాత్రమే దిద్దండి, తక్కినవి వదిలెయ్యండి. అన్నీ దిద్దితే నోరు మూతపడుతుంది. కూరల కొట్లో మాత్రం ‘తమిళ్‌లయే పేసుంగ’ (తమిళంలోనే మాట్లాడండి) అని ముందే చెప్పి, తర్వాతే టమాటాల ధర అడిగేదాన్ని.