యూజ్‌నెట్‌కి ఏ సర్వర్? నా ఆరు వారాల ప్రయత్నాలు

1వ వారం

యూజ్‌నెట్ అంటే విషయాలవారీ గ్రూపుల్లో జనం పోస్టులు రాసుకునే పాత చర్చావేదిక. న్యూస్ సర్వర్లు ఆ పోస్టుల్ని ఒకదానికొకటి పంచుకుంటూ దాన్ని నడుపుతాయి. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్‌లోకి యూజ్‌నెట్ కొత్త పోస్టులు రావడం ఆగిపోయింది. పాతవి చదువుకోవచ్చు, అక్కడి నుంచి రాయడం మాత్రం కుదరదు. కాంప్.లాంగ్.సి, కాంప్.లాంగ్.ఫోర్త్, సై.ఎలక్ట్రానిక్స్.డిజైన్, ఈ మూడు గ్రూపుల్నీ అప్పటిదాకా బ్రౌజర్‌లోనే చదివేవాణ్ణి. మానేసి చాలా రోజులైంది. బెంగ తీరక ఇప్పుడు సొంతంగా న్యూస్ సర్వర్ అకౌంట్ తీసుకుందామని కూర్చున్నాను.

ఈ అకౌంట్లు అమ్మే ప్రొవైడర్ల ప్రకటనలన్నీ రెండే అంకెలు చూపిస్తాయి. ఒకటి రిటెన్షన్, అంటే పోస్టుల్ని ఎన్ని రోజులు దాచి ఉంచుతారన్నది. 5,000 రోజులంటే పదమూడున్నర ఏళ్లు దాటినట్టే. రెండోది, ఒకేసారి ఎన్ని కనెక్షన్లు తెరవచ్చన్నది. కనెక్షన్ల లెక్క పెద్ద ఫైళ్లు దించుకునేవాళ్లకు పనికొస్తుంది. ఒక మామూలు పోస్టు రెండు మూడు కిలోబైట్లు, దానికి ఒక్క కనెక్షన్ చాలు. నెలవారీ చందా కూడా నాలాంటి వాడికి దండగే. బ్లాక్ అకౌంట్ అయితే ఇన్ని జీబీలని ఒకేసారి కొనుక్కుంటాం, చాలాచోట్ల దానికి గడువు కూడా ఉండదు. పోస్టుకి 3 కిలోబైట్లు వేసుకున్నా 10 జీబీలో 33 లక్షల పోస్టులు వస్తాయి.

నాకు కావలసినవి వేరే: రాసే అనుమతి, స్పామ్ తక్కువగా ఉండటం, అన్నిటికన్నా ముఖ్యంగా చర్చలో మధ్యమధ్య ముక్కలు ఎగిరిపోకుండా ఉండటం. ఈ మూడూ ఏ ప్రకటనలోనూ కనిపించలేదు. నేనే పరీక్షించుకోవాలి.

2వ వారం

మూడు సర్వర్లతో మొదలుపెట్టాను. ఒకటి ఎటర్నల్ సెప్టెంబర్. పేరు రిజిస్టర్ చేసుకుంటే ఉచితం, టెక్స్ట్ గ్రూపులు మాత్రమే ఉంటాయి. మిగతా రెండూ డబ్బు కట్టేవి, ట్రయల్ తీసుకున్నాను. ట్రయల్ గడువు ముగిసే రోజు ముందే క్యాలెండర్‌లో రాసి పెట్టుకున్నాను, లేకపోతే వాటంతట అవే చందాగా మారిపోతాయి.

న్యూస్ రీడర్ (పోస్టులు చదివే సాఫ్ట్‌వేర్) పెట్టుకునే ముందు టెర్మినల్ నుంచి చేత్తో కనెక్ట్ అయ్యాను. 119 పోర్టులో మామూలుగా కనెక్ట్ అయితే పాస్‌వర్డ్ దాచకుండా బట్టబయలుగా వెళ్తుంది. అందుకని కనెక్షన్‌ని గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో 563 పోర్టుకి వెళ్లాను. సర్వర్ మొదట పలికే అంకెలోనే చాలా సంగతి ఉంది. 200 అంటే పోస్ట్ చేయవచ్చు, 201 అంటే చదవడం వరకే. ట్రయల్ సర్వీసుల్లో ఒకటి లాగిన్ తర్వాత కూడా రాయనివ్వలేదు. అడిగితే, పూర్తి చందా కట్టాకే ఆ అనుమతి వస్తుందన్నారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత గ్రూప్ కమాండ్. దీనికి 211 అన్న జవాబుతో పాటు మూడు అంకెలు వస్తాయి: సుమారు ఎన్ని ఆర్టికల్స్ (అంటే పోస్టులు) ఉన్నాయి, మొదటిదాని నంబర్, చివరిదాని నంబర్. ఒక సర్వర్‌లో చివరి నంబర్ పెద్దదిగా కనిపించేసరికి అదే మంచిదనుకున్నాను. అది తప్పు. ఆ నంబర్లు ఏ సర్వర్‌కి ఆ సర్వర్ తనకు తాను వేసుకునేవే, ఒకదానితో ఒకటి పోల్చడానికి లేదు. ఎక్కడికెళ్లినా మారనిది మెసేజ్-ఐడీ, అంటే ప్రతి పోస్టుకీ ఉండే ప్రత్యేక గుర్తు, ఒక్కటే.

3వ వారం

ఈ వారమే అసలైన పని జరిగింది.

నేను చదివే మూడు గ్రూపుల్లో ఇటీవలి చర్చల నుంచి 20 మెసేజ్-ఐడీలు పోగుచేశాను. వాటిని పోస్టుల జాబితాలోంచి తీసుకోలేదు, జవాబుల్లో ఉండే రెఫరెన్సెస్ అనే హెడర్ (పోస్టు పైభాగాన ఉండే వివరాల వరుస)‌లోంచి తీసుకున్నాను. ఈ పోస్టు దేనికి జవాబో ఆ హెడర్ చెబుతుంది, ఆ పాత పోస్టు మన సర్వర్‌కి అసలు చేరకపోయినా సరే. లేనివి బయటపడాలంటే ఇదే దారి. ఒక్కో సర్వర్‌లో ఒక్కో ఐడీకి, ఆ పోస్టు ఉందా లేదా అని అడిగే స్టాట్ కమాండ్ ఇచ్చాను. ఉంటే 223, లేకపోతే 430.

ఎటర్నల్ సెప్టెంబర్‌లో 20కి 20 దొరికాయి. డబ్బు కట్టేవాటిలో ఒకదాంట్లో 17, రెండోదాంట్లోనూ 17. అంకె ఒకటే కావడం కాకతాళీయం అనుకుని జాబితా చూస్తే, రెండింట్లోనూ లేనివి అవే మూడు.

అనుమానం వచ్చి రెండింట్లోనూ ఉన్న ఒక పోస్టు తెరిచి ఎక్స్‌రెఫ్ హెడర్ చూశాను. గ్రూపు పేరు పక్కన సర్వర్ వేసుకున్న నంబర్ అందులో ఉంటుంది. రెండు చోట్లా అదే నంబర్! ఇంకో ఐదు పోస్టులు చూశాను, అన్నీ అంతే. ఎవరికి వారు నంబర్లు వేసుకునే పద్ధతిలో ఇలా కలవడం జరగదు. అంటే పేర్లు రెండు, సైన్-అప్ పేజీలు రెండు, వెనక గిడ్డంగి మాత్రం ఒక్కటే. ఈ రంగంలో చాలామంది రీసెల్లర్లే, అసలు సర్వర్లు నడిపేవాళ్లు కొద్దిమందే ఉంటారు. ఒకదాంట్లో దొరకనిది ఇంకోదాంట్లో దొరుకుతుందని రెండూ కొనే ఆలోచనలో ఉన్నాను. కొని ఉంటే ఒకే ఖాళీకి రెండుసార్లు డబ్బు కట్టేవాణ్ణి.

ఆ మూడు పోస్టుల పాత్ హెడర్ కూడా చూశాను. పోస్టు ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో అందులో కుడి నుంచి ఎడమకి చదువుకోవాలి. మూడూ ఒకే చిన్న సర్వర్ నుంచి బయల్దేరినవి. అక్కడి నుంచి రాసేవాళ్లలో ఒకరు కాంప్.లాంగ్.ఫోర్త్‌లో ఎంతో ఓపికగా వివరంగా జవాబులిచ్చే మనిషి. ఆయన మాటలు లేకుండా ఆ గ్రూపు చదవడం నాకు ఇష్టం లేదు. డబ్బు కట్టే రెండూ అక్కడితో జాబితాలోంచి పోయాయి.

4వ వారం

రాసి చూడటం. ప్రయోగాలకు ఆల్ట్.టెస్ట్, మిస్క్.టెస్ట్ అని గ్రూపులే ఉన్నాయి, నలుగురూ మాట్లాడుకునే చోట టెస్ట్ పోస్టులు పడేయకూడదు. ఈమెయిల్ చిరునామా చివర .ఇన్‌వాలిడ్ అని పెట్టాను. 1999 నుంచి ఆ తోక ఇలాంటి వాడకానికే కేటాయించి ఉంది, కాబట్టి ఎవరి నిజమైన చిరునామాకీ తగలదు. 240 జవాబు వచ్చింది, అంటే పోస్టు అందినట్టు. నిమిషం తిరక్కుండా ఇంకో సర్వర్‌లో నా పోస్టు కనిపించినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను.

పోస్టు వెళ్లాక దాని హెడర్లన్నీ ఒకసారి చదవండి. ఇంజెక్షన్-ఇన్ఫో అనేదాంట్లో కొన్ని సర్వర్లు మన ఐపీ అడ్రస్‌ని ఉన్నదున్నట్టు పెట్టేస్తాయి, కొన్ని గుర్తుపట్టలేని అక్షరాల గుంపుగా మార్చి పెడతాయి. ఒకసారి బయటికెళ్లిన పోస్టును అన్ని సర్వర్ల నుంచీ వెనక్కి తీసుకునే మార్గం లేదు. ఈ పరీక్ష మాత్రం దాటవేయొద్దు.

తెలుగు లిపిలో ఒక వాక్యం కూడా రాసి చూశాను. అక్షరాల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని హెడర్‌లో ఉన్నంతవరకు అక్షరాలు చెక్కుచెదరలేదు.

5వ వారం

న్యూస్ రీడర్‌గా థండర్‌బర్డ్‌లో అకౌంట్ పెట్టుకున్నాను. మొదటిసారి గ్రూపు తెరిస్తే 500 హెడర్లే దించాలా అన్నీ దించాలా అని అడుగుతుంది. తొందరపడి అన్నీ అనకండి, బ్లాక్ అకౌంట్ అయితే జీబీలు అందులోంచే ఖర్చవుతాయి. సర్వర్ మారిస్తే చదివిన గుర్తులన్నీ పనికిరాకుండా పోతాయని కూడా ఇప్పుడే అర్థమైంది. అవి సర్వర్ నంబర్ల మీద ఆధారపడి ఉంటాయి, ఆ నంబర్లేమో ఎక్కడికక్కడ వేరు. అందుకే ఒక సర్వర్‌లో కుదురుకున్నాకే పూర్తిగా చదవడం మొదలుపెట్టాను.

6వ వారం

రోజూ చదవడానికి, రాయడానికి ఎటర్నల్ సెప్టెంబర్. పాత చర్చలు తవ్వుకోవడానికి ఇంకో కంపెనీ నుంచి చిన్న బ్లాక్ అకౌంట్ కొన్నాను, ఈసారి ఎక్స్‌రెఫ్ నంబర్లు వేరని చూసుకున్నాకే. అదే 20 ఐడీలకు అక్కడ 19 దొరికాయి. కాంప్.లాంగ్.ఫోర్త్‌లో రెండు జవాబులు రాశాను, ఒకదానికి మారు జవాబు కూడా వచ్చింది.

పాత కంప్యూటర్ ఒకటి ఖాళీగా ఉంది. దాంట్లో లీఫ్‌నోడ్ అనే చిన్న న్యూస్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసి, ఈ మూడు గ్రూపుల్నీ ఇంట్లోనే దాచుకోవాలని ఉంది. వచ్చే వారం ఆ పని మొదలుపెడతాను.